మొండి బిట్టు, గుండ్రని బెజ్జం

ముంబయి నుంచి అహ్మదాబాదు వెళ్లే 48వ నెంబరు జాతీయ రహదారి సూరత్ నగరంలోకి దూరదు. ఊరికి తూర్పున పల్సానా, కడోదరా, కామ్రేజ్ మీదుగా సాగిపోతుంది. పల్సానా తాలూకా చెరుకు పండే నేల. చల్తాన్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఆ చెరుకు తోటల పక్కనే ఇప్పుడు అద్దకం మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు, మగ్గాల షెడ్లు, చీరల గోదాములు. చీకటి పడితే వాటి పేర్లు రోడ్డు పొడవునా వెలుగుతాయి. వెలిగే ప్రతి అక్షరానికీ ముఖం యాక్రిలిక్ షీటు. లోపల ఎల్‌ఈడీ దీపాలు, చుట్టూ రేకు, వెనక స్క్రూలు.

బోర్డులు చేసేవాళ్లకు యాక్రిలిక్‌తో రెండు రకాల తంటాలు. షీటు కోస్తున్నప్పుడే పగిలితే పోయేది షీటు ఖరీదు. బిగించి వచ్చిన రెండు నెలలకు స్క్రూ పక్కన సన్నని గీత పడితే మాత్రం మళ్లీ నిచ్చెన ఎక్కాలి, అక్షరం ఊడదీయాలి, యజమానికి సమాధానం చెప్పుకోవాలి. ఎవరూ ముట్టుకోలేదు, రాయి తగల్లేదు, గాలివాన రాలేదు. మరి పగులు ఎక్కడినుంచి వచ్చింది?

అది బెజ్జం వేసిన రోజే పుట్టింది. కంటికి కనబడటానికి రెండు నెలలు పట్టింది. పుట్టుక ఎలా జరిగిందో తెలిస్తే డ్రిల్లు ఎలా పట్టుకోవాలో, రంపం ఎంత వేగంగా తోయాలో, స్క్రూ ఎంత బిగించాలో ఎవరూ విడిగా చెప్పనక్కర లేదు.

గొలుసుల ముద్ద

యాక్రిలిక్ షీటు అసలు పేరు పాలీ మిథైల్ మెథాక్రిలేట్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓటో రోమ్ 1901లోనే ఈ కుటుంబపు పదార్థాల మీద డాక్టరేట్ పూర్తి చేశాడు. ఆయన సంస్థ 1933లో ప్లెక్సిగ్లాస్ అన్న పేరును నమోదు చేసుకుంది. బ్రిటన్‌లో ఐసీఐ సంస్థ ఇదే పదార్థాన్ని పెర్స్‌పెక్స్ పేరుతో తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ కప్పులు దీంతో చేశారు. ఆ కప్పులు పగిలి పైలట్ల కళ్లలో ఇరుక్కుపోయిన ముక్కలు పెద్దగా హాని చేయడం లేదని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు గమనించాడు. 1949లో లండన్‌లో ఆయన మొదటిసారి యాక్రిలిక్ కటకాన్ని రోగి కంట్లో అమర్చాడు. శుక్లం ఆపరేషన్లలో కంట్లో కటకం పెట్టడం అక్కడే మొదలైంది.

షీటు మీద పడ్డ వెలుగులో దాదాపు 92 శాతం అవతలికి వెళుతుంది. బరువు గాజులో సగం కూడా ఉండదు. ఎండకు త్వరగా పసుపెక్కదు. బోర్డుల వాళ్లు దీన్ని ఎంచుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర లేదు.

లోపల చూస్తే ఇది పొడవాటి అణు గొలుసుల ముద్ద. గొలుసులు ఒక వరసలో ఉండవు, చిక్కుపడి ఉంటాయి. షీటును వంచినా లాగినా ఆ గొలుసులు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకోవాలి. వేడిగా ఉంటే జారగలవు. సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దాటితే షీటు తోలులా వంగుతుంది. గది ఉష్ణోగ్రతలో గొలుసులు గడ్డకట్టినట్టు ఉంటాయి. కాబట్టి షీటు తన పొడవులో కొద్ది శాతం సాగేసరికే తెగిపోతుంది. ఇనప రేకు వంగి, సాగి, తన మీద పడ్డ బలాన్ని నాలుగు వైపులకు పంచుకుంటుంది. యాక్రిలిక్‌కు ఆ సర్దుబాటు లేదు. బలం ఒకచోట పోగుపడితే అక్కడే ఉంటుంది.

బజారులో దొరికేది రెండు రకాలు. రెండు గాజు పలకల మధ్య ద్రవాన్ని పోసి గట్టిపరిచింది కాస్ట్ షీటు. కరిగించిన ప్లాస్టిక్‌ను సన్నని మూతిగుండా నెట్టి పరిచింది ఎక్స్‌ట్రూడెడ్ షీటు. కాస్ట్ షీటులో గొలుసులు చాలా రెట్లు పొడవు, చిక్కులు ఎక్కువ. అది తొందరగా మెత్తబడదు, తురుము శుభ్రంగా వస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ షీటు చవక, మందం అంతటా సమానం. కాని కోతలో త్వరగా కరిగి బ్లేడుకు అంటుకుంటుంది. తయారీలో లాగి పరిచినప్పటి బిగువు కొంత లోపలే మిగిలి ఉంటుంది. ఒకే బిట్టు, ఒకే చెయ్యి. ఒక షీటులో బెజ్జం చక్కగా పడి, ఇంకో షీటులో పగిలిందంటే ముందు అడగవలసింది ఆ షీటు ఏ రకమన్నది.

బిగువు ఎక్కడ పోగుపడుతుంది

సూరత్ బట్టల బజారులో గజాల లెక్కన బట్ట చింపి ఇచ్చేవాళ్లను చూడండి. కత్తెరతో అంచున చిన్న గాటు పెడతారు, రెండు చేతులతో లాగుతారు, బట్ట నిట్టనిలువుగా చిరుగుతుంది. గాటు లేని అంచును అదే బలంతో లాగితే చిరగదు. లాగే బలం మారలేదు. గాటు మొన దగ్గర ఆ బలమంతా ఒకటి రెండు పోగుల మీదే పడింది.

గట్టి పదార్థాల్లో ఈ లెక్కను కాగితం మీద పెట్టినవాళ్లు ఇంజనీర్లు. లాగుతున్న పలకలో గుండ్రని బెజ్జం ఉంటే దాని అంచున బిగువు మిగతా పలకలోకన్నా 3 రెట్లు ఉంటుందని జర్మనీకి చెందిన కిర్ష్ 1898లో చూపాడు. బెజ్జం గుండ్రంగా కాక సన్నని గాటులా ఉంటే ఏమవుతుందో 1913లో ఇంగ్లండ్‌కు చెందిన చార్ల్స్ ఇంగ్లిస్ లెక్కగట్టాడు. 1 మి.మీ. లోతున్న గాటు తీసుకోండి. దాని మొన 1 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటే బిగువు దాదాపు 3 రెట్లు. లోతు అంతే ఉండి, మొన మిల్లీమీటరులో నూరో వంతు వ్యాసార్ధంతో పదునుగా ఉంటే 21 రెట్లు. లోతు మారలేదు, మొన ఒక్కటే మారింది.

1921లో ఎ.ఎ. గ్రిఫిత్ మరో మెట్టు ఎక్కాడు. ఫార్న్‌బరోలో విమాన పరిశోధన చేసే ఈ ఇంజనీరు గాజు తన సిద్ధాంత బలంలో చిన్న వంతుకే ఎందుకు విరుగుతుందో ఆలోచించాడు. గాజు ఒంటి మీద కంటికి కనిపించని గాట్లు ముందే ఉన్నాయన్నాడు. పగులు ఒక్కో అడుగూ ముందుకు జరగాలంటే కొత్త అంచు తయారవడానికి శక్తి కావాలి. చుట్టూ ఉన్న బిగువు సడలి ఆ శక్తిని సమకూర్చగలిగితే పగులు దానంతట అది పరుగెత్తుతుంది. చాలకపోతే ఉన్నచోటే ఆగిపోతుంది. గాటు ఎంత పొడవైతే దాన్ని పరుగెత్తించడానికి అంత తక్కువ బలం చాలు.

బోర్డు అక్షరం రెండు నెలల తర్వాత పగలడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. బెజ్జం గోడ మీద డ్రిల్లు చిన్న చిన్న గాట్లు వదిలింది. ఆ రోజున్న బిగువు వాటిని కదిలించడానికి చాలలేదు. తర్వాత ఎండ, చలి, స్క్రూ నొక్కుడు, ఎవరో తుడిచిన రసాయనం కలిసి మిగతా పని పూర్తి చేశాయి. కాబట్టి యాక్రిలిక్‌తో పనిచేసేవాడు చూసుకోవలసినవి రెండు: పదునైన గాటు మిగల్చకూడదు, లోపల బిగువు మిగల్చకూడదు. కింద వచ్చే పద్ధతులన్నీ ఈ రెండింటి కోసమే.

బిట్టును మొండి చేయడం

ఇనుముకు వాడే మామూలు ట్విస్ట్ బిట్టు మొన కోణం 118 డిగ్రీలు. కోసే అంచు ముందుకు వంగి, కొక్కెంలా ఉంటుంది. ఇనుములో ఆ కొక్కెం లోహాన్ని తవ్వి పైకి ఎత్తుతుంది. యాక్రిలిక్‌లో అదే కొక్కెం షీటులోకి తనను తాను లాక్కుంటుంది. మీరు ఎంత నెమ్మదిగా నొక్కినా బిట్టు తన వేగంతో తాను దిగుతుంది. అవతలి వైపు చేరుకునేసరికి మిగిలింది పలచని పొర. బిట్టు దాన్ని కోయకుండా పొడుచుకుని బయటకు దూకుతుంది. పొర పెచ్చుగా ఊడుతుంది, ఒక్కోసారి షీటే బిట్టు వెంట పైకి లేచి గిర్రున తిరుగుతుంది. ఎక్కువసార్లు పగులు పడేది ఈ ఆఖరి మిల్లీమీటరులోనే.

దీనికి మందు వింతగా ఉంటుంది: బిట్టు అంచును మొండి చేయాలి. సానరాయి మీద రెండు కోసే అంచులనూ కొద్దిగా చదును చేస్తే కొక్కెం పోతుంది. అప్పుడు బిట్టు తవ్వదు, గీకుతుంది. మొన కోణాన్ని 60 నుంచి 90 డిగ్రీల మధ్యకు తగ్గిస్తే అవతలి వైపు మొదట సన్నని మొన బయటపడి, బెజ్జం మెల్లగా విచ్చుకుంటుంది. ప్లాస్టిక్ కోసమే ఇలా సానబెట్టిన బిట్లు కొనుక్కోవచ్చు. మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్టు కూడా పలచని షీట్లకు బాగా పనిచేస్తుంది. అది ఒక్కో మెట్టులో కొద్దికొద్దిగానే తీస్తుంది.

షీటు కింద చెక్కపలక పెట్టి, రెండింటినీ కలిపి క్లాంపులతో బిగించాలి. బిట్టు ఆఖరి పొరకు చేరినప్పుడు కింద ఆనుకోవడానికి చెక్క ఉంటే పొర పెచ్చుగా ఊడదు, చెక్కతో పాటు తెగుతుంది. షీటు మీది కాగితం గాని, ప్లాస్టిక్ పొర గాని తీయవద్దు. చివరికి చేరేటప్పుడు నొక్కుడు బాగా తగ్గించాలి. బెజ్జం షీటు అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు. బెజ్జం వ్యాసానికి కనీసం రెండింతల దూరం వదలడం మంచిది. అంచుకూ బెజ్జానికీ మధ్య పదార్థం సన్నగా మిగిలితే బిగువంతా ఆ సన్నని మెడ మీదే పడుతుంది.

పని సరిగా జరుగుతోందా అన్నది తురుమే చెబుతుంది. బిట్టు రెండు గాళ్లలోంచి రెండు పొడుగాటి రిబ్బన్లు చుట్టలు చుట్టుకుంటూ వస్తే అంతా బాగున్నట్టు. పిండిలా రాలితే బిట్టు కోయకుండా రుద్దుతోంది. జిగురులా కరిగి బిట్టుకు చుట్టుకుంటే వేడెక్కిపోయింది. అక్కడితో ఆపాలి.

వేడి ఎటు పోవాలి

ఉక్కులో వేడి పారే వేగంతో పోలిస్తే యాక్రిలిక్‌లో పారేది దాదాపు 250వ వంతు. ఇనుముకు బెజ్జం వేస్తే పుట్టిన వేడి క్షణాల్లో రేకంతా పాకి చల్లారుతుంది. యాక్రిలిక్‌లో పుట్టిన వేడి పుట్టినచోటే కూర్చుంటుంది. బెజ్జం గోడ 105 డిగ్రీలు దాటి మెత్తబడుతుంది, దాని చుట్టూ అర సెంటీమీటరు దూరంలో షీటు చల్లగా బిర్రుగా ఉంటుంది. పని అయ్యాక ఆ గోడ చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని షీటు కుంచించుకోనివ్వదు. ఆ లాగులాట బెజ్జం అంచున శాశ్వతంగా గడ్డకడుతుంది. బయటినుంచి ఎవరూ లాగకపోయినా బెజ్జం గోడ లోలోపల లాగబడుతూనే ఉంటుంది.

కాబట్టి వేడి షీటులోకి పోకుండా తురుముతో బయటకు పోవాలి. తురుము మందంగా ఉంటే అది ఎక్కువ వేడిని మోసుకుపోతుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పగులుతుందన్న భయంతో బిట్టును అతి వేగంగా తిప్పి, అతి నెమ్మదిగా దింపుతారు. తురుము సన్నబడుతుంది, రాపిడి పెరుగుతుంది, షీటు కరుగుతుంది. చేయవలసింది దీనికి తలకిందులు: తిరుగుడు తగ్గించాలి, దింపుడు ఆగకుండా నిలకడగా ఉండాలి. 3 మి.మీ. బిట్టును నిమిషానికి దాదాపు 3,500 సార్లు తిప్పవచ్చు; 12 మి.మీ. బిట్టుకు 900 చాలు. రెండింటిలోనూ బిట్టు అంచు నిమిషానికి 33 మీటర్లకు అటూ ఇటుగానే ప్రయాణిస్తుంది. అందుకే బిట్టు లావయ్యే కొద్దీ తిరుగుడు తగ్గాలి. మందమైన షీటులో మధ్యమధ్య బిట్టును పైకి తీసి తురుము రాల్చాలి, సబ్బు కలిపిన నీటి చుక్కలు వేస్తుండాలి.

రంపానికీ ఇదే సూత్రం. బల్ల రంపానికి కార్బైడ్ పళ్ల బ్లేడు కావాలి. 10 అంగుళాల బ్లేడుకు 60 నుంచి 80 పళ్లు, అన్నీ ఒకే ఎత్తులో, ముందుకు వంగని పళ్లు. బ్లేడు షీటు పైకి కొద్దిగా మాత్రమే లేచి ఉండాలి. షీటు అదిరితే ప్రతి అదురూ ఒక గాటు, కాబట్టి బల్ల మీద గట్టిగా అదిమి పట్టి, మధ్యలో ఆగకుండా తోయాలి. జిగ్‌సాతో వంపులు కోసేటప్పుడు కరిగిన ప్లాస్టిక్ బ్లేడు వెనక మళ్లీ అతుక్కుంటే వేగం ఎక్కువైందని అర్థం. కోత అయ్యాక అంచును వదిలేయకూడదు. సన్న పళ్ల ఆకురాయితో, తర్వాత 220, 400, 600 నెంబర్ల ఎమరీ కాగితంతో నీళ్లు వేసి రుద్దితే గాట్ల మొనలు అరిగిపోతాయి. మెరుపు కోసం చేసే పనిలా కనిపించినా పగులును ఆపేది ఈ రుద్దుడే.

పగులును పనివాడిగా పెట్టుకోవడం

సన్నని షీటుకు రంపమే అక్కర లేదు. కొక్కెపు మొన ఉన్న యాక్రిలిక్ కట్టర్‌తో, ఇనప స్కేలు ఆనించి, ఒకే గీత మీద మళ్లీ మళ్లీ గీస్తారు. మందంలో మూడో వంతు దాకా గాడి పడ్డాక ఆ గీతను బల్ల అంచుకు సరిగ్గా ఆనించి, అవతలి భాగాన్ని ఒక్కసారిగా కిందికి వంచుతారు. షీటు గీత వెంట విరుగుతుంది. ఇక్కడ గాటును మనమే కావాలని పదునుగా పెట్టాం. పగులుకు పుట్టేచోటు, నడిచేదారి రెండూ ముందే చూపించాం. 3 మి.మీ. షీటుకు ఇది చక్కగా కుదురుతుంది. మందం 5 మి.మీ. దాటితే పగులు గీత వదిలి పక్కకు తిరిగే ప్రమాదం ఎక్కువ. గీత షీటు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉండాలి. మధ్యలో ఆపిన గీత అక్కడినుంచి తనకు నచ్చిన దారి పడుతుంది.

ఈ పద్ధతిలో వంపులు, లోమూలలు కోయలేం. బోర్డు అక్షరాల్లో ఉండేవన్నీ అవే. లింబాయత్ లాంటి సూరత్ పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి మగ్గాల మీద స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. అక్కడ తెలుగులో పేరు రాయించిన బోర్డు చూస్తే లోమూల సమస్య తెలుస్తుంది. తెలుగు అక్షరాల ఒళ్లు గుండ్రన, అది మేలే. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని గీతలు ఆకును ఈనె వెంట చీల్చేస్తాయి కనుక దక్షిణాది లిపులు గుండ్రబడ్డాయని లిపి చరిత్ర రాసినవాళ్లలో చాలామంది చెబుతారు. కాని తలకట్టు అక్షరాన్ని తాకేచోట, వత్తు కలిసేచోట, కొమ్ము మలుపులో పదునైన లోమూల వస్తుంది. చేతిరంపంతో కోసేవాళ్లు అక్కడ ముందుగా చిన్న బెజ్జం వేసి, రెండు వైపుల నుంచీ కోతను ఆ బెజ్జంలోకి తీసుకురావాలి. కంప్యూటర్‌లో గీసి కోయించేవాళ్లు లోమూలకు కనీసం 1 మి.మీ. వ్యాసార్ధంతో వంపు ఇవ్వాలి. రోడ్డు మీదినుంచి చూసేవాడికి ఆ వంపు తెలియదు. షీటుకు తెలుస్తుంది.

లేజర్ కోత

సూరత్‌లో చీరల అంచులకు, పల్లూలకు జాలీ పని చేయడానికి కార్బన్ డయాక్సైడ్ లేజర్ యంత్రాలు విరివిగా వాడతారు. పాలియెస్టర్ బట్టను లేజర్ కోస్తే అంచు కరిగి అతుక్కుంటుంది, పోగులు ఊడవు. అదే కిరణం, 10.6 మైక్రోమీటర్ల పరారుణ కాంతి, యాక్రిలిక్‌ను కూడా కోస్తుంది. కంటికి కనిపించే వెలుగును దాదాపు అంతా వదిలేసే యాక్రిలిక్ ఈ కాంతిని మాత్రం పైపొరలోనే పీల్చుకుంటుంది.

పాలియెస్టర్ కరుగుతుంది. యాక్రిలిక్‌లో గొలుసులు చివరి నుంచి కొక్కేలు ఊడినట్టు విడిపోయి మొదటి ద్రవంగా, మిథైల్ మెథాక్రిలేట్‌గా మారి ఆవిరైపోతాయి. తుక్కు షీట్లను కాచి మళ్లీ ముడి ద్రవం తీయగలగడం కూడా ఈ గుణం వల్లే. లేజర్ గదిలో వచ్చే ఘాటైన తియ్యని వాసన ఆ ఆవిరిదే. దాన్ని బయటికి లాగే ఫ్యాను లేకుండా యంత్రం నడపకూడదు. పీవీసీ షీటును ఈ యంత్రంలో అసలు పెట్టరాదు, దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మనిషి ఊపిరితిత్తులను, యంత్రాన్ని రెండింటినీ తినేస్తుంది.

లేజర్ అంచు గాజులా మెరుస్తుంది, గాట్లు ఉండవు. తాకే పనిముట్టు లేదు కనుక పగిలేదీ ఉండదు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాని ముందు చెప్పిన రెండు షరతుల్లో ఒక్కటే తీరింది. గాటు లేదు, బిగువు ఉంది. కరిగిన పలచని పొర చల్లారుతూ కుంచించుకోలేక లాగబడి ఉంటుంది. ఆ బిగువు బయటపడేది తర్వాతి పనిలో, ఏదో ఒక ద్రవం తగిలినప్పుడు.

తుడిస్తే పడే నెర్రెలు

2020లో కోవిడ్ వచ్చినప్పుడు బ్యాంకుల్లో, మందుల షాపుల్లో, ఆఫీసు కౌంటర్ల మీద రాత్రికి రాత్రి యాక్రిలిక్ అడ్డుగోడలు లేచాయి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడానికి కింద గాళ్లు కోశారు, నిలబెట్టడానికి బెజ్జాలు వేశారు. వాటిని రోజూ శానిటైజర్‌తో తుడిచారు. అందులో ఉండేది ఆల్కహాలు. బిగువుగా ఉన్న యాక్రిలిక్‌కు ఆల్కహాలు తగిలితే అది గొలుసుల మధ్యకు దూరి చిక్కులను సడలిస్తుంది. లాగబడుతున్న చోట పదార్థం సన్నని పోగులుగా, వాటి మధ్య సూక్ష్మమైన ఖాళీలుగా విచ్చుకుంటుంది. బయటికి అవి వెండి గీతల్లా మెరిసే నెర్రెలు. పనివాళ్లు వాటిని క్రేజింగ్ అంటారు. అది ఇంకా పూర్తి పగులు కాదు. పోగులు తెగితే పగులవుతుంది. బిగువు లేని షీటు మీద అదే శానిటైజర్ అంత కీడు చేయదు. అందుకే నెర్రెలు షీటు మధ్యలో కాకుండా బెజ్జాల చుట్టూ, కోసిన గాళ్ల పక్కన పడతాయి.

అక్షరాల ముఖాన్ని అంచులకు అతికించడానికి వాడే క్లోరోఫాం, పెయింట్ మరకలు తుడవడానికి వాడే థిన్నర్, ఎసిటోన్, పెట్రోలు కూడా ఈ జాబితాలోవే. లేజర్‌తో కోసిన ముక్కను వెంటనే క్లోరోఫాంతో అతికిస్తే అంచు పొడవునా నెర్రెలు పడటం మామూలు. తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తని బట్ట చాలు.

బిగువును తీసేసే మార్గం ఒకటుంది, దాన్ని ఎనీలింగ్ అంటారు. కోత, బెజ్జాలు అన్నీ అయ్యాక కాస్ట్ షీటు ముక్కను ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. మందం ఎక్కువైతే ఎక్కువ గంటలు. మెత్తబడే ఉష్ణోగ్రతకు చేరకుండానే గొలుసులకు కాస్త కదలిక వస్తుంది, లాగుడు సడలుతుంది. తర్వాత గంటకు 15 డిగ్రీలు మించకుండా చల్లార్చాలి. తొందరపడి బయటికి తీస్తే కొత్త బిగువు పుడుతుంది. అతికించే పని ఆ తర్వాత. పల్సానా మిల్లులో బట్టను వేడితో సెట్ చేసే స్టెంటర్ యంత్రం నడిపేవాడికి ఇది కొత్త కాదు. పాలియెస్టర్ బట్టను 180 నుంచి 200 డిగ్రీల మధ్య హీట్‌సెట్ చేసేది నూలులోని బిగువు సడలి, ఆ తర్వాత బట్ట ముడుచుకోకుండా ఉండాలనే. ఉష్ణోగ్రత వేరు, గొలుసుల తీరు ఒకటే.

ఈ బిగువుల లెక్క ఎంత పెద్ద కట్టడాన్నయినా వదలదు. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బెర్లిన్‌లోని ఒక హోటల్లో ఆక్వాడోమ్ అనే యాక్రిలిక్ స్తంభం క్షణాల్లో బద్దలైంది. అందులో సుమారు 10 లక్షల లీటర్ల నీరు, 1,500 చేపలు ఉండేవి. నిపుణులు ముక్కలను పరిశీలించి అతుకు విడిపోవడం, గోడ మీద పడ్డ గాటు, మరమ్మతుకు నీళ్లు తీసేసినప్పుడు అతుకులు ఎండిపోవడం అనే మూడు అవకాశాలు చెప్పారు. అసలు కారణం ఇదీ అని తేల్చలేకపోయారు.

స్క్రూకు చోటు వదలాలి

ఇక రెండు నెలల తర్వాత వచ్చే ఎండ. యాక్రిలిక్ ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.07 మి.మీ. పెరుగుతుంది. ఉక్కు పెరిగేది 0.012 మి.మీ. మాత్రమే. 8 అడుగుల షీటును ఇనప ఫ్రేముకు బిగించారనుకోండి. పల్సానాలో శీతాకాలపు తెల్లవారుజాముకూ, మే నెల ఎండలో కాలిన ముదురు రంగు బోర్డుకూ మధ్య 50 డిగ్రీల తేడా వేసుకుందాం. షీటు 8.5 మి.మీ. పెరుగుతుంది, కింది ఫ్రేము ఒకటిన్నర. ఆ 7 మి.మీ. తేడాకు చోటు లేకపోతే షీటు స్క్రూల మీదికి తోసుకుంటుంది. రాత్రి చల్లారినప్పుడు అవతలి వైపు లాగుతుంది. రోజూ పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

కాబట్టి బెజ్జం ఎప్పుడూ స్క్రూ కన్నా లావుగా ఉండాలి. చిన్న ముక్కకు 2 మి.మీ. ఎక్కువైతే చాలు. పొడవైన షీటుకు మధ్యలో ఒక్క బెజ్జం మాత్రమే సరిపోయేలా ఉంచి, చివరల్లోవి అడ్డంగా సాగిన గాళ్లుగా కోయాలి. స్క్రూ తల కింద రబ్బరు వాషర్ వేయాలి. గరాటు ఆకారపు తల ఉన్న స్క్రూ వాడవద్దు. బిగించిన కొద్దీ అది బెజ్జంలో మేకులా దిగి గోడలను విడదీస్తుంది. చదునైన తల ఉన్న స్క్రూ వేసి, చివరిదాకా బిగించి, ఒక పావు చుట్టు వెనక్కి తిప్పండి.

ఇంత చేసినా ఎక్కడో గీత మొదలైతే షీటు మార్చేలోగా దాన్ని నిలపవచ్చు. పగులు మొన ఎక్కడుందో పక్కనుంచి టార్చి వేసి చూసి, ఆ మొన మీదే 3 మి.మీ. బెజ్జం వేయాలి. పదునైన మొన గుండ్రబడి, అక్కడి బిగువు అనేక రెట్లు తగ్గిపోతుంది. మొన బెజ్జంలోకి రాకుండా ఒక్క వెంట్రుకవాసి బయట మిగిలినా పని వృథా. విమానాల రేకుల్లో, వంతెనల ఉక్కులో కూడా ఇంజనీర్లు తాత్కాలికంగా పగుళ్లను ఇలాగే ఆపుతారు.

ఇంట్లో చేపల తొట్టికో, బడి ప్రాజెక్టుకో, ఫొటో ఫ్రేముకో యాక్రిలిక్ కోయబోయే పాఠకులకు ఒక్క మాట. కళ్లద్దాలు పెట్టుకోండి. షీటు కొన్నచోట అదే షీటు తుక్కు ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. మొదటి బెజ్జం దాంట్లో వేయండి, తురుము రిబ్బన్‌లా వస్తోందో లేదో చూడండి. తర్వాత బెజ్జం మీద ఒక చుక్క శానిటైజర్ వేసి కాసేపు వదిలేయండి. నెర్రెలు పడితే మీ బిట్టో, వేగమో మారాలి. పడకపోతే అసలు షీటు మీద ధైర్యంగా చెయ్యి పెట్టండి.